పక్కపక్కన నిలబెట్టిన రెండు బండ్లు

హైదరాబాద్,
7 నవంబరు 2021, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి బిడ్డకు పెద్దబాపు దీవెనలు. అల్లుడికి కూడా.

దీపావళి మరునాడు నువ్వు మీ పెద్దమ్మతో ఫోనులో మాట్లాడిందంతా నేను విన్నాను. మీ పెద్దమ్మ స్పీకరు పెట్టకుండా ఏనాడూ మాట్లాడదు, ఆ సంగతి నీకూ తెలుసు. "తలుపులేసుకొని ఉన్నన్ని రోజులు ఒక్కనాడు కొట్లాడుకోలేదు పెద్దమ్మా, తలుపులు తీసినంక మొదలైంది" అన్నావు చూడు, ఆ మాట దగ్గర నా చేతిలో పేపరు ఆగిపోయింది. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో రాస్తే ఒక బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటావు. కాగితం మీద రాసి నీ చెల్లెతో ఫోటోలు తీయించి పంపిస్తున్నాను. నా అక్షరాలు కోడి గీతలే, పెద్దవి చేసుకొని చదువు.

నాకైతే మీ కొట్లాటలో వింతేమీ కనబడలేదు. కరోనాకు మెల్‌బోర్న్‌లో అన్నీ మూసి ఉన్నప్పుడు మీ ఇద్దరూ కూర్చొని తేల్చుకోవాల్సింది ఏముంది? ఎంత దూరం పోవచ్చో సర్కారు చెప్పింది, ఇంటి నుంచి 5 కిలోమీటర్లు. ఎన్నింటికల్లా ఇల్లు చేరాలో చెప్పింది, రాత్రి 9. ఎవరింటికి పోవచ్చో కూడా చెప్పింది, ఎవరింటికీ వద్దని. మాస్కు సంగతి, సరుకులకు ఎందరు పోవాలన్న సంగతి, అన్నీ ప్రెస్‌మీట్‌లో మీ ప్రీమియర్ డేనియల్ ఆండ్రూస్ చెప్పేవాడు, మీరు వినేవారు. కోపం వస్తే ఆయన మీద వచ్చేది. ఇప్పుడు ఆయన పక్కకు జరిగాడు. టార్నీట్‌లో సోపతిగాళ్ల ఇంటికి పోవాలా, రైలెక్కాలా, హోటల్లో లోపల కూర్చోవాలా బయట కుర్చీలు చూసుకోవాలా, మీ ఆయన ఆఫీసుకు పోవాలా, రోజుకు ఇన్ని సంగతులు మీరే తేల్చుకోవాల్సి వస్తున్నది. కొత్త కాపురంలో మొదటి ఆరు నెలల్లో అందరూ నేర్చుకునే విద్య ఇది. మీకేమో 2020 ఫిబ్రవరిలో పెండ్లి, మార్చి మొదట్లో నువ్వు అక్కడ దిగడం, 20వ తేదీన ఆస్ట్రేలియా సరిహద్దులు మూసుకోవడం. ఆ విద్య నేర్చుకునే అవకాశమే రాలేదు. ఇప్పుడు వచ్చింది. కొట్లాడుకోండి, ఫర్వాలేదు. కానీ దేని మీద కొట్లాడుకుంటున్నారో ఎరిగి కొట్లాడుకోండి.

నువ్వు అల్లుణ్ని పిరికివాడన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు. అతనికి ఎదురుగా కూడా అన్నావో, మీ పెద్దమ్మతోనే అన్నావో నాకు తెలియదు. అతనికి ఎదురుగా అని ఉంటే వెనక్కి తీసుకో.

నీకు మా బస్సు డిపో సంగతి ఒకటి చెప్పాలి. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడు గ్యారేజీలో స్టీరింగ్ ముందు కూర్చొని హారన్ కొట్టేదానివి, ఆ డిపోయే. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ నాడు ఆగిన సిటీ బస్సులు మళ్లీ సెప్టెంబరు 25న గాని రోడ్డెక్కలేదు. అది కూడా నాలుగో వంతు బండ్లతోనే. నేను రిటైరయ్యే ముందు చూసిన ఆఖరి పెద్ద పని అది. బండిని నిలబెట్టడం తేలిక, తాళం తీసుకొని గేటు మూస్తే సరి. లేపడమే కష్టం. అడపాదడపా స్టార్ట్ చేసి పెడుతూ వచ్చినా బ్యాటరీలు దిగిపోయాయి. టైర్లు నిలబడ్డ చోటే నొక్కుకుపోయి, కదిలిస్తే మొదట్లో దడదడలాడాయి. ఎలుకలు వైర్లు కొరికాయి. బ్రేకులకు గాలి ఎక్కిద్దామంటే ఎక్కడో ఒక చోట లీకు. ఒకే ఏడు వచ్చిన బండ్లు, ఒకే కంపెనీవి, ఒకే వరుసలో పక్కపక్కన నిలబెట్టినవి. ఒకటి సెల్ఫ్ కొట్టగానే లేచింది. రెండోదానికి మధ్యాహ్నం దాకా మెకానిక్‌లు చెమటలు కక్కారు. కొత్తగా చేరిన పిల్లగాడొకడు దాన్ని చూసి "ఇది డొక్కు బండి సార్" అన్నాడు. లాగ్‌షీట్లు తెప్పించి చూపించాను. ఆగకముందు ఆ వరుసలో అన్నిటికన్నా ఎక్కువ తిరిగిన బండి అదే. ఆరు నెలలు ఏ మూల నిలబడింది, దాని మీద ఎంత ఎండ పడింది, ఎంత వాన కురిసింది అన్నది చూడకుండా పేరు పెట్టొద్దని చెప్పాను. లేచిన తర్వాత కూడా దాన్ని మొదటి వారమే పొడుగు రూటుకు పంపలేదు. దగ్గరి ట్రిప్పులు తిప్పాము. పక్క బండిని మాత్రం దీని కోసం ఆపలేదు.

మీ ఇద్దరిలో ఎండకు నిలబడ్డది అల్లుడు. ఈ ఏప్రిల్, మే నెలలు గుర్తు చేసుకో. హనుమకొండలో వాళ్ల నాన్నకు ఆక్సిజన్ పడిపోతున్నప్పుడు ఇక్కడ రాత్రి పదకొండైతే అక్కడ తెల్లవారుజాము మూడున్నర. ఆ వేళకు అతను ల్యాప్‌టాప్ ముందు కూర్చొని బెడ్డు కోసం, సిలిండరు కోసం, రెమ్‌డెసివిర్ కోసం ఊరూ పేరూ తెలియని వాళ్లందరికీ ఫోన్లు కొట్టాడు. ఒక నంబరు కలిస్తే నాకు పంపేవాడు, నేను స్కూటర్ మీద పోయేవాణ్ని. నేనైతే రోడ్డు మీద ఉన్నాను, చేతులకు పని ఉంది. అతనికి ఫోను తప్ప ఏమీ లేదు. వద్దామంటే ఏప్రిల్ 27న మన దేశం నుంచి వచ్చే విమానాలనే ఆస్ట్రేలియా వాళ్లు ఆపేశారు. మే 3 నుంచి సొంత పౌరులైనా ఇండియా నుంచి వస్తే జైలు, జరిమానా అన్నారు. అది మే 15 దాకా నడిచింది. వాళ్ల నాన్న బతికి బయటపడ్డాడు. పడ్డాడు కాబట్టే ఎవరూ అల్లుణ్ని "నువ్వెట్లా ఉన్నావు" అని అడగలేదు. నానమ్మ పోయినప్పుడు నిన్ను అందరం అడిగాము, ఓదార్చాము, వీడియోలో పాడె చూపించాము. బతికిన మనిషి కొడుకును ఎవరు ఓదారుస్తారు? ఆ భయం అతని ఒంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడది కొనుక్కొచ్చిన పాల డబ్బాలు తుడవడంలో బయటపడుతున్నది.

ఇంకొక సంగతి కూడా ఉంది. అతని భయం ఉత్త భ్రమ కాదు, లెక్కలో నుంచి వచ్చింది. నిరుడు మీ ఊళ్లో తలుపులు తీసినప్పుడు ఎట్లా తీశారు? అక్టోబరు 26న కొత్త కేసు ఒక్కటీ లేదని చూసి తీశారు. సున్నా. ఈ ఏడు అక్టోబరు 21 అర్ధరాత్రి తీసిన నాటికి రోజుకు రెండు వేలకు అటూ ఇటూ కేసులు. సున్నా ఉన్నప్పుడే గడప దాటమన్న సర్కారు రెండు వేలున్నప్పుడు కూడా దాటమంటున్నదంటే బుద్ధిమంతుడు ఎవడైనా ఒకసారి తల గోక్కుంటాడు. దీనికి జవాబు ఉంది. నిరుడు మనకు దూరం తప్ప వేరే కవచం లేదు. ఈసారి టీకా ఉంది. పదహారేళ్లు దాటిన వాళ్లలో 70 శాతానికి రెండు డోసులు పడ్డాక మొదటి మెట్టు, 80 శాతం కాగానే 29న రెండో మెట్టు. కేసులు వస్తాయని తెలిసే తీశారు, ఆసుపత్రి దాకా పోయేవాళ్లు తగ్గుతారన్న ధైర్యంతో తీశారు. ఈ సంగతి నీకు అర్థమైంది, అతనికీ అర్థమైంది. అర్థమైనంత మాత్రాన గుండెదడ తగ్గదు. ఆరు లాక్‌డౌన్లు, మొత్తం 262 రోజులు "ఇల్లు భద్రం, వీధి ప్రమాదం" అని నూరిపోసి, ఒక్క రాత్రిలో మరిచిపొమ్మంటే ఎట్లా? మధ్యలో సెప్టెంబరులో ఆ భూకంపం ఒకటి. ఇంట్లో ఉన్నా వణికించింది పాపం.

దీపావళి సంగతికి వస్తాను. టార్నీట్ వాళ్లు పిలిచారు. ఇంట్లో పదిమందికి మించకూడదన్న రూలు ప్రకారమే పిలిచారు, అందరూ రెండు డోసులు వేసుకున్నవాళ్లే. నువ్వు పోదామన్నావు, అతను వద్దన్నాడు. నువ్వు కూడా ఆగిపోయావు, ఎనిమిదింటికి పొద్దు కుంకాక బాల్కనీలో నాలుగు దీపాలు పెట్టి, ఆ రాత్రంతా మూతి ముడుచుకొని కూర్చున్నావు. అతను తప్పు చేసినవాడిలా తిరిగాడు. రెండు దండగలే. నువ్వు పోవాల్సింది బిడ్డా. ఫుట్‌స్క్రే స్టేషన్లో ఎక్కితే టార్నీట్ అరగంట, అది నువ్వే చెప్పావు. ఒక్కదానివే పోయి, రెండు గంటలుండి, ఆయన కోసం గిన్నెలో ఇంత పులిహోర పెట్టించుకొని వస్తే ఏమయ్యేది? "మొగుడు రాలేదేమిటి" అని అడుగుతారని భయం. అడిగితే "ఆయనకు ఇంకా ధైర్యం రాలేదు, వచ్చే నెల వస్తాడు" అని చెప్పు. మన దగ్గర పెండ్లాం ఒక్కతే దావత్‌కు పోతే ఏదో జరిగిందనుకునే అలవాటు ఉంది. ఆ అలవాటును సముద్రం దాటించి మోసుకుపోనక్కర్లేదు.

ఇక్కడ నాదొక షరతు. పోయేదానివి చెప్పి పో, వచ్చినాక చెప్పు. ఎంతమంది ఉన్నారు, కిటికీలు తెరిచారా, ఎవరికైనా జలుబుందా, ఉన్నది ఉన్నట్టు. అతను అడిగితే పోలీసు విచారణ అనుకోవద్దు. నువ్వు ఒక్కదానివే పోయినా, రోగం తెచ్చేది ఇద్దరున్న ఒక్క గది ఇంటికే. అతనికి తెలియకుండా పోయి తర్వాత బయటపడ్డావనుకో, ఇగ ఆ ఇంట్లో ఏ తలుపూ సరిగ్గా తెరుచుకోదు.

అతన్ని బయటికి తేవాలంటే మీకు దేవుడిచ్చిన వరం మీ దగ్గరి ఎండ. మనకిక్కడ చలికాలం మొదలైతే మీకు వసంతం, చీకటి పడడానికి రాత్రి ఎనిమిది దాటుతున్నది. ఇంట్లో పదిమందే గాని పార్కులో ముప్ఫై మందిదాకా కలవచ్చని చదివాను. మీ పార్కుల్లో మీట నొక్కితే వేడెక్కే పొయ్యిలు ఊరికే వాడుకోవచ్చని నువ్వు నిరుడు ఫోటో పంపావు, గుర్తుందా? మరిబిర్నాంగ్ నది ఒడ్డున మీరు రోజూ నడిచే తోవలోనే ఎక్కడో ఒక చోట టార్నీట్ వాళ్లను రమ్మను. వంకాయలు, మక్కకంకులు కాల్చుకోండి. గాలి ఆడే చోట అతనికి భయం సగమవుతుంది, నాలుగు మొహాలు చూస్తే మిగిలిన దాంట్లో సగం పోతుంది. ఆ తర్వాత వాళ్ల వాకిట్లో కూర్చోవడం, ఆ తర్వాత లోపల. నది అవతల ఫ్లెమింగ్టన్‌లో మొన్న గుర్రప్పందేలకు పదివేల మందిని రానిచ్చారని "చూడు, లోకమంతా ఎట్లా తిరుగుతున్నదో" అని అతనికి చూపించావట. అది చూపించకు. నిరుడు అవే పందేలు ప్రేక్షకులు లేకుండా నడిచాయి. పదివేలమందిని చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లు ఉంటారు, అదే చూసి ఇంకో గొళ్లెం పెట్టుకునేవాళ్లూ ఉంటారు.

పాల డబ్బాల గురించి. సరుకుల మీది నుంచి ఈ రోగం అంటుకోవడం చాలా అరుదనీ, మనిషి ఊపిరితో గాలిలోకి వచ్చేదే అసలు ప్రమాదమనీ ఇప్పుడు తేలిపోయింది. ఆ మాట ఆర్టికల్ ప్రింటు తీసి ఫ్రిజ్‌కు అంటించి చెప్పొద్దు. తుడిస్తే తుడవనీ, డబ్బాకు నష్టం లేదు. కానీ అతని జాగ్రత్తను సింకు దగ్గరి నుంచి కిటికీ దగ్గరికి మెల్లగా మార్చు. ఎవరైనా వస్తే కిటికీలు తెరిచే పని అతనికి అప్పజెప్పు. రైల్లో మాస్కు ఎట్లాగూ తప్పనిసరే కాబట్టి, గట్టి మాస్కులు కొనే పని కూడా అతనికే. భయపడే మనిషికి పనికొచ్చే పని ఇస్తే సగం నెమ్మదిస్తాడు, ఇది డిపోలోనూ చూశాను, మీ బాపు దగ్గరా చూశాను.

ఆఫీసు వాళ్లు వారానికి రెండు రోజులు రమ్మంటున్నారట. పోనీ. ఇంట్లో ఇన్నాళ్లు అతను వంటింటి బల్ల మీద మీటింగులు పెట్టుకుంటే, నువ్వు పక్కగదిలో మంచం మీద ఆన్‌లైన్ కోర్సు చదువుకున్నావు. ఒకరి గొంతు ఒకరికి వినబడకుండా ఒక్క గంట గడవలేదు. అతను పోయిన మొదటి రోజు ఇల్లు బావురుమంటుంది, తర్వాత ఆ నిశ్శబ్దమే నీకు బాగుంటుంది. బాగున్నందుకు బాధపడకు. మధ్యాహ్నం ఫోను చేసి "ఏం తిన్నావు" అని అడిగే పెండ్లాలు ఇన్నాళ్లు మీ దేశంలో ఎవరూ లేరేమో. నువ్వు అడుగు, అతను ఏదో ఒకటి కొత్తగా చెబుతాడు. రెండేళ్లు ఇద్దరూ చూసిందే చూశారు, తిన్నదే తిన్నారు. ఇప్పుడు సాయంత్రానికి ఒకరికి తెలియనిది ఇంకొకరి దగ్గర ఉంటుంది. అయితే ఒకటి వదలొద్దు. సాయంత్రం నది ఒడ్డున నడక. రోజుకు రెండు గంటలే బయట తిరగాలన్నప్పుడు ఒక్క నిమిషం వృథా చేయకుండా నడిచారు. ఇప్పుడు ఎంతసేపైనా నడవచ్చు గనుక మానేస్తారు, చూస్తూ ఉండు.

ఇగ వచ్చే సంగతి, పోయే సంగతి. నువ్వు పెద్దమ్మతో "డిసెంబర్‌లో వస్తా" అన్నావు, మీ అమ్మతో "సంక్రాంతికి" అన్నావు, మీ అత్తగారింట్లో ఏమన్నావో తెలియదు. నేను నీ చెల్లెను కూర్చోబెట్టి రూల్సన్నీ చదివించుకున్నాను. సర్కులర్లు చదవడం నాకు పాత అలవాటే. నవంబరు 1 నుంచి తలుపులు తీసింది పౌరులకు, పర్మనెంట్ రెసిడెన్సీ ఉన్నవాళ్లకు. రెండు డోసులు పడితే మీ విక్టోరియాలో క్వారంటైన్ కూడా లేదు. పౌరుల, పీఆర్‌ల తల్లిదండ్రులను దగ్గరి కుటుంబం కింద లెక్కగట్టి రానిస్తున్నారు, టార్నీట్ పిల్ల వాళ్లమ్మ అందుకే వస్తున్నది. మీది 482 వీసా, తాత్కాలికం. మీకు దేశం దాటిపోవడానికి అడ్డు లేదు, అడ్డంతా తిరిగి రావడానికే. ప్రత్యేక అనుమతి దొరికితే తప్ప. అది దొరుకుతుందో లేదో ముందే ఎవరూ చెప్పలేరు. ఇక్కడికి వచ్చి ఇరుక్కుంటే అతని ఉద్యోగం ఏమవుతుంది, ఇంటి కిరాయి ఎవరు కడతారు, వీసా గడువేమిటి? మీలాంటి వీసాల వాళ్లకు కూడా తీస్తామంటున్నారు గాని, తేదీ కాగితం మీద రాలేదు. టీవీలో మంత్రి చెప్పిన మాటకు టికెట్ కొనకు. కాగితం వచ్చాక, నీ వీసా నంబరు అందులో కనబడ్డాక కొను.

ఇదే మాట అల్లుడు చెప్పినప్పుడు "నీకు నా వాళ్ల మీద ప్రేమ లేదు" అన్నావట. అతను చెప్పింది రూలు, నువ్వు విన్నది ఇంకొకటి. నానమ్మ పోయినప్పుడు రాలేదన్న బాధ నీది, అది నిజమే. ఆ బాధను తీసుకుపోయి అతని మీద బాకీ కింద రాయొద్దు. అట్లా లెక్కలు తీస్తే అతని దగ్గరా ఒక ఖాతా పుస్తకం ఉంటుంది, వాళ్ల నాన్న పక్కన నిలబడలేకపోయిన రోజులు రాసి పెట్టుకున్నది. నానమ్మ సంవత్సరీకం వచ్చే వేసవిలో. ఆ పని మీ బాపు, నేను చేస్తాము. నువ్వు రాగలిగితే రా, రాకపోతే ఆ రోజు నువ్వక్కడ నానమ్మకు ఇష్టమైన సర్వపిండి చేసుకొని తిను. ఆమె ఉన్నప్పుడు కూడా ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అని లెక్క పెట్టిన మనిషి కాదు. ఎవరు తినకుండా పోయారు అన్నదే చూసేది.

మీ అమ్మానాన్నలకు మాత్రం ఉన్నమాట చెప్పు. "వచ్చే నెల, వచ్చే నెల" అని జరుపుతూ పోతే మీ అమ్మ ప్రతి నెలా పరుపులు ఎండేస్తున్నది. తేదీ తెలియదని చెప్పడం మొదట కష్టంగా ఉంటుంది, తర్వాత ఇద్దరికీ నిద్ర పడుతుంది. ఒక మంచి కబురు కూడా చెప్పు. మీ బాపు వేసుకున్నది కొవాగ్జిన్. ఆ టీకా చెల్లదేమోనని ఇన్నాళ్లు గొణిగాడు. మన శామీర్‌పేట పక్కన భారత్ బయోటెక్ వాళ్లు చేసిందే గదా, దాన్ని ఆస్ట్రేలియా ఈ నెల 1న ఒప్పుకుంది, 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జాబితాలో పెట్టింది. కొవిషీల్డ్‌ను అంతకుముందే ఒప్పుకున్నారు. కాబట్టి రేపు వీసా తలుపు తెరుచుకుంటే టీకా తలుపు దగ్గర మీ బాపు ఆగిపోడు. పేపర్లో చూసి మీ బాపుకు నేను ఫోను చేస్తే, రెండుసార్లు చదివించుకున్నాడు.

మన చుట్టాల సంగతి. ఇన్నాళ్లు "పైలం బిడ్డా" అన్నవాళ్లే ఇప్పుడు "ఇంకా విశేషమేమీ లేదా" అంటున్నారని మీ పెద్దమ్మతో చెప్పి ఏడ్చావు. లాక్‌డౌన్ ఎత్తేయగానే వాళ్ల నోటికి కూడా ఎత్తేసినట్టున్నారు. వాళ్లకు నువ్వు జవాబివ్వకు. అది నీది, మీ ఆయనది. ఎప్పుడు, అసలు కావాలా వద్దా, ఇప్పుడేనా ఇండియా వచ్చి పోయాకనా, ఈ సంగతి మీ ఇద్దరి మధ్యా తేలాక కూడా ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. నీ మేనత్తకు నేను చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఇక అడగదు. అడిగితే నాకు చెప్పు.

డబ్బు గురించి రెండు ముక్కలు చాలు. బయట తిరగక కొంత మిగిలిందన్నావు. తలుపులు తెరిచిన సంతోషంలో దుకాణాల మీద పడొద్దు, విమాన టికెట్లకు ఒక పక్కన పెట్టుకోండి.

కిందిది అల్లుడికి. నువ్వు చదివి వినిపించకు, కాగితం ఆయన చేతికే ఇవ్వు.

అల్లుడుగారూ, మీరు భయపడుతున్నారని నేను చిన్నతనంగా చూడడం లేదు. ఆ మే నెలలో మీరు తెల్లవార్లూ పంపిన నంబర్లు నా ఫోనులో ఇంకా ఉన్నాయి, తీసేయలేదు. కానీ ఒక మాట వినండి. మీ భయానికి మా బిడ్డ కూడా కట్టుబడి కూర్చోవాలనుకోవద్దు. పెండ్లి అయి దిగిన పదిహేను రోజులకే ఆ పిల్లకు ఆ దేశం మూతపడింది. మీకైతే అంతకుముందు అక్కడ మూడేళ్ల సోపతిగాళ్లున్నారు, రోడ్లు తెలుసు, ట్రాము నంబర్లు తెలుసు. ఆమెకు మెల్‌బోర్న్ అంటే మీరు, ఆ ఫ్లాటు, ఆ నది ఒడ్డు. కార్రమ్ డౌన్స్ గుడి కూడా యూట్యూబ్‌లోనే చూసింది. బతుకమ్మ నాడు మీరిద్దరే, సూపర్‌మార్కెట్లో దొరికిన చామంతులతో పేర్చి, మీరు చప్పట్లు కొడితే ఆమె పాడిన వీడియో చూసి మేమంతా నవ్వాము, మీ అత్త మాత్రం లోపలికి పోయింది. ఆమె మీ కంటే ముందు బయటికి ఉరుకుతున్నదంటే మీ మాట లెక్క లేక కాదు. ఆమె ఆ ఊరిని ఇంకా చూడలేదు.

ఆమె పోయివస్తానంటే "సరే, మాస్కు తీసుకుపో" అనండి. ఆమె వచ్చేదాకా గడియారం చూస్తూ కూర్చోకండి, ఏదైనా పని పెట్టుకోండి. వచ్చాక టెస్టు చేసుకొమ్మని అనాలనిపిస్తే ఒకసారి అనండి, ప్రతిసారీ కాదు. మీకు నిజంగా నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, చేతులు వణుకుతుంటే, అది మందలింపుతో పోయేది కాదు, అక్కడి డాక్టరు దగ్గరికి పోండి. కడుపునొప్పికి పోయినట్టే పోండి. మా డిపోలో ఇద్దరు డ్రైవర్లకు ఆ రోజుల్లో స్టీరింగ్ పట్టుకుంటే చెమటలు పట్టేవి. పోయి చూపించుకున్నారు, ఇప్పుడు డ్యూటీలో ఉన్నారు.

ఇంకొక కబురు. శుక్రవారం నేను హనుమకొండ పోయి మీ నాన్నగారిని చూసి వచ్చాను. మీకు ఫోనులో "బాగున్నా, బాగున్నా" అంటారు, మీరు నమ్మరు, అందుకే స్వయంగా పోయాను. ఇద్దరం కలిసి వేయిస్తంభాల గుడి దాకా నడిచాము. పోయేటప్పుడు ఒకచోట ఆగారు, వచ్చేటప్పుడు ఆగలేదు. దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నారు, ఆయాసం లేదు. మెట్లు ఎక్కితే కొంచెం ఉందన్నారు. ఛాతీ డాక్టరు ఈ నెలాఖరుకు మళ్లీ రమ్మన్నాడు, అప్పుడు కూడా నేను వెంట పోతాను. పాత స్కానింగు కాగితాలు మీ దగ్గర ఫోనులో ఉన్నాయన్నారు. డాక్టరుకు పక్కపక్కన పెట్టి చూపించాలి, అవి నాకు పంపండి. మే నెలవి, జూలైవి రెండూ.

బిడ్డా, మీ దగ్గర గడియారం ముందుకు జరిపారు గదా, ఇప్పుడు మనకూ మీకూ ఐదున్నర గంటల తేడా. నువ్వు పాత లెక్కన ఫోను చేస్తే మీ పెద్దమ్మ అన్నం వార్చే వేళవుతున్నది. వచ్చే ఆదివారం మాకు మధ్యాహ్నం రెండింటికి చెయ్యి. అల్లుణ్ని కూడా కూర్చోబెట్టు, ఆ కాగితాల గురించి మాట్లాడాలి.

ఇట్లు,
నీ పెద్దబాపు